సూదెమ్మ సంచుల దుకాణం

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుముకు మొలతాడు కట్టినట్టు ఒక ఘాట్ రోడ్డు. ఆ రోడ్డు మూడో మలుపు దగ్గర నిలబడితే కింద లోయంతా కనబడుతుంది. అందుకని ఊళ్ల నుంచి వచ్చే మనుషులు అక్కడ బళ్లు ఆపేవాళ్లు. లోయను చూసేవాళ్లు. ఫొటోలు తీసుకునేవాళ్లు. తెచ్చుకున్నవి తిని, కవర్లు అక్కడే పారేసి పోయేవాళ్లు. వాళ్ల ఇంట్లో అయితే అలా పారేస్తారా? పారేయరు. ఇంట్లో అమ్మ ఊరుకోదు. అడవికి అమ్మ లేదనుకునేవాళ్లు కాబోలు.

ఆ మలుపు కిందుగా, వాగు ఒడ్డున, పెద్ద బండ పక్క బొరియలో ఒక ఏదుపంది ఉండేది. ఒళ్లంతా ముళ్లే కాబట్టి కొందరు ముళ్లపంది అని కూడా అంటారు. దాని పేరు సూదెమ్మ. చూడ్డానికి కోపిష్ఠిలా ఉంటుంది గానీ మనసు మాత్రం వెన్న. ఈ సూదెమ్మకు ఒక దుకాణం ఉండేది. సంచుల దుకాణం. మనుషులు పారేసిన ఆ కవర్లతోనే సంచులు అల్లేది.

అడవిలో జంతువులకు సంచులెందుకు, కవర్లతో అల్లడమేమిటి అంటారా? చెబుతాను, తొందరపడకండి.

అంతకు ముందు ఏడాది వానాకాలంలో ఒక సంగతి జరిగింది. సూదెమ్మ పొరుగున చుక్కమ్మ అనే చుక్కల దుప్పి ఉండేది. దానికి తొలిసారి పుట్టిన పిల్ల ఒకటి. ఒకరోజు ఆ పిల్ల ఉప్పగా ఉందని ఒక కవరు నమిలి మింగింది. మూడు రోజులు మేత ముట్టలేదు. నాలుగో రోజు లేవలేదు. చుక్కమ్మ వారం రోజులు ఆ చోటు వదిలి రాలేదు. ఎలా ఓదార్చాలో సూదెమ్మకు తెలియలేదు. ఏ మాట చెప్పబోయినా చిన్నదిగానే అనిపించింది.

ఒకరోజు పొద్దున్నే సూదెమ్మ వాగు ఒడ్డున ఒక కవరు ఏరింది. పక్కనే ఇంకొకటి కనబడితే అదీ ఏరింది. సాయంత్రానికి కుప్ప అయింది. ఆ కుప్పను మట్టిలో పూడ్చిపెట్టింది. వాన పడి పైకి తేలింది. బండ సందులో దాచింది. గాలికి లేచిపోయింది. "ఇవి ఎగరకుండా, ఏ పిల్లా నమలకుండా ఉండాలంటే గట్టిగా అల్లిపారేయాలి" అనుకుంది సూదెమ్మ. అలా మొదటి సంచి తయారైంది. దాన్ని తీసుకెళ్లి చుక్కమ్మ మెడలో వేసింది.

"వదినా, దీనిలో అల్లేసిన కవర్లు ఇక ఏ పిల్ల నోట్లోకీ పోవు" అంది.

చుక్కమ్మ ఆ రోజు నుంచి ఆ సంచిని మెడలోంచి తీయలేదు. రాలిన ఉసిరికాయలు అందులో వేసుకుని తెచ్చుకునేది. అది చూసి కుందేలు తనకూ ఒకటి కావాలంది. కుందేలుది చూసి ఉడుత అడిగింది. అలా బండ మీద దుకాణం వెలిసింది.

సూదెమ్మ పనితనం చూసి తీరాల్సిందే. ఏరిన కవర్లను మూడు నీళ్లలో కడిగేది. మొదటి నీళ్లకు మట్టి పోతుంది. రెండో నీళ్లలో నాలుగు కుంకుడుకాయలు చితక్కొట్టి వేస్తే జిడ్డు పోతుంది. మూడో నీళ్లకు ఉప్పు పోతుంది. తర్వాత బండ మీద పరిచి, ఎగిరిపోకుండా గులకరాళ్లు పెట్టి ఎండబెట్టేది. ఎండాక పళ్లతో సన్నటి పేలికలుగా చీల్చి, పురిపెట్టి పోగులు తీసేది. గబుక్కున లాగితే పోగు పుటుక్కున తెగుతుంది. కాస్త మెలితిప్పాలి, కాస్త ఆగాలి, మళ్లీ లాగాలి. ఆ ఒడుపు సూదెమ్మ చేతులకే తెలుసు.

మరి సూది? ఒంటినిండా సూదులే కదా అంటారేమో. సూదెమ్మ తన ఒంటి మీద ముల్లు ఎప్పుడూ పీకలేదు. ముదిరి దానంతటది రాలిన ముల్లునే సూదిగా వాడేది. "రాలింది ఏరుకోవాలే గానీ, మనం రాల్చుకోకూడదే" అని చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ చెప్పిన మాట.

చివరికి రాయి పరీక్ష. అల్లిన సంచిలో ఒక గుండ్రాయి పెట్టి మద్దిచెట్టు కొమ్మకు వేలాడదీసేది. పొద్దు పొడిచినప్పటి నుంచి గుంకేదాకా ఆగితే అది సంచి. మధ్యలో జారితే దాన్ని విప్పి మళ్లీ పోగులు చేసేది. ఎంత బతిమాలినా పరీక్ష కాని సంచి ఇచ్చేది కాదు.

బేరాలకు వచ్చేవాళ్లు తక్కువవాళ్లా? అడవిపుంజు వచ్చి, తన తురాయికి సరిపోయే ఎర్ర సంచే కావాలని కూర్చునేది. ముంగిస మొగుడు పొడుగు పట్టీ కావాలంటే, పెళ్లాం పొట్టి పట్టీ కావాలనేది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా పోట్లాడుకుని, పొడుగు పట్టీకి ముడేసుకుని పోయారు. ఒకరు దుంపలు ఇస్తే ఒకరు రేగుపళ్లు ఇచ్చేవారు. ఏమీ లేనివాళ్లు ఒక పూట కవర్లు ఏరి పెట్టేవారు. సూదెమ్మకు అదే అన్నిటికన్నా ఇష్టం.

రోడ్డు మీద కవర్లు ఏరి తెచ్చే పని మాత్రం కొమ్మన్నది. కొమ్మన్న ఒక కోతి. మంచివాడే. కాకపోతే ఒక అలవాటు ఉంది. ఏ ప్యాకెట్టు దొరికినా ముందు ఒక మూల కొరికి నాకేవాడు. అందుకని అతను తెచ్చిన ప్రతి కవరుకూ ఒక మూల నెలవంకలాంటి గాటు ఉండేది. సూదెమ్మ ఆ మూల కత్తిరించుకోవాల్సి వచ్చేది.

"ఒరే తమ్ముడూ, ఖాళీ ప్యాకెట్టులో ఏముంటుందని నాకుతావురా?" అని సూదెమ్మ అడిగేది.

"వాసన ఉంటుందక్కా" అనేవాడు కొమ్మన్న.

అలా ఒక ఏడాది గడిచింది. వాగులో కవర్లు లేవు. పొదల్లో కవర్లు లేవు. మూడో మలుపు దగ్గర ఏ పూటకు ఆ పూట కొమ్మన్న ఏరేస్తున్నాడు. చుక్కమ్మకు ఇంకో పిల్ల పుట్టింది. లేతగా, గోధుమ రంగులో, కొత్త ఆకులా ఉందని దానికి చివురు అని పేరు పెట్టుకుంది.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక పొద్దున బొచ్చయ్య దుకాణానికి వచ్చాడు. బొచ్చయ్య అవతలి కొండ మీది ఎలుగుబంటి, అక్కడి ఎలుగులకు పెద్ద. మాట తక్కువ, ముక్కు మీద కోపం ఎక్కువ. ఒక సంచి తీసి అటూ ఇటూ లాగి చూశాడు. చిరగలేదు. తలకు తగిలించుకుని చూశాడు. అప్పుడూ చిరగలేదు.

"సూదెమ్మా, ఇంకో నెలకు ఇప్పపూలు రాలతాయి. మా కొండ మీద నూరు ఇళ్లున్నాయి. ఇంటికొకటి చొప్పున నూరు సంచులు కావాలి. చేయగలవా?" అని అడిగాడు.

"నూరే? ఎందుకు చేయలేను మామా, చేస్తాను" అంది సూదెమ్మ.

"మా కొండకు తూర్పు పక్క ఒక గుహ ఖాళీగా ఉంది. ఎంత వాన కురిసినా చుక్క లోపలికి రాదు. నూరు సంచులు ఇచ్చిన రోజున ఆ గుహ నీది."

సూదెమ్మ గుండె ఝల్లుమంది. ఎందుకో తెలుసా? ప్రతి వానాకాలం వాగు పొంగి దాని బొరియలోకి నీళ్లు వచ్చేవి. నెలరోజుల పాటు అది తడిసిన బండ మీద ముడుచుకుని కూర్చునేది. చలికి వణికితే ముళ్లు టకటకమని కొట్టుకునేవి. ఆ చప్పుడు అందరికీ నవ్వులాటగా ఉండేది. సూదెమ్మకు మాత్రం ఏడుపొచ్చేది. పొడి నేల మీద ఒక్క వానాకాలం పడుకోవాలని దానికి ఎన్నాళ్ల నుంచో కోరిక.

ఆ రోజు నుంచి పని మొదలుపెట్టింది. పది సంచులయ్యాయి. ఇరవై అయ్యాయి. నలభై అయ్యాయి. అక్కడితో ఉన్న కవర్లు అయిపోయాయి. మలుపు దగ్గర రోజూ దొరికే ఒకటీ అరా ఏ మూలకూ చాలలేదు.

వాగు వెంట వెతికింది. నీళ్లు తేటగా ఉన్నాయి, ఒక్క కవరు లేదు. వెదురు గుంపులో వెతికింది. ఎండుటాకులు ఉన్నాయి, కవరు లేదు. కొండ అడుగున వెతికింది. అక్కడా లేదు. మూడుచోట్లా తిరిగి వచ్చి బండ మీద కూలబడి, "పాడు అడవి, ఒక్క కవరైనా లేదు" అని విసుక్కుంది.

విన్నారా ఆ మాట? ఏ రోజు కోసం ఏడాదంతా వంగి వంగి కవర్లు ఏరిందో ఆ రోజు వచ్చింది. వస్తే, దాన్ని గుర్తుపట్టలేకపోయింది సరికదా, తిట్టుకుంది.

ఆ విసుగు విని కొమ్మన్న చెట్టు దిగాడు.

"అక్కా, నాకొక ఉపాయం తోచింది. మలుపు దగ్గర నేను నాలుగు గంతులు వేశాననుకో, మనుషులు మురిసిపోయి ప్యాకెట్లు విసురుతారు. లోపలివి నాకు, పైవి నీకు" అన్నాడు.

"అంటే మనమే వేయించుకోవడమా?" అంది సూదెమ్మ.

"ఎలాగూ పారేసేవాళ్లే కదక్కా. ఇవాళ కాకపోతే రేపు. ఎవర్నైనా కొట్టి లాక్కుంటున్నామా?"

సూదెమ్మకు అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. రాలింది ఏరుకోవాలే గానీ రాల్చుకోకూడదు. గుహ కూడా గుర్తొచ్చింది. గుహే కాస్త గట్టిగా గుర్తొచ్చింది. అది ఊ అనలేదు, ఉహూ అనలేదు.

"పొద్దు గుంకేలోగా వచ్చెయ్" అంది, అంతే.

మొదటి రోజు కొమ్మన్న పది కవర్లు తెచ్చాడు. రెండో రోజు ముప్పై తెచ్చాడు. మూడో రోజుకు కోతి ఆట చూడ్డానికే బళ్లు ఆగసాగాయి. ఆగడం కుదరనివాళ్లు కిటికీలోంచే విసిరారు. కొమ్మన్నకు ఉన్నవి రెండు చేతులు. అన్నిటి మూలలూ కొరికి తిని, చేతుల్లో పట్టినన్ని పట్టుకొచ్చాడు. పట్టనివి గాలికి లేచి లోయలోకి పోయాయి. "పోతే పోనీ, రేపు ఇంకా వస్తాయి" అనుకున్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది అతని పని.

ఇక్కడ సూదెమ్మ తల ఎత్తకుండా అల్లుతోంది. ఒకసారి మంచినీళ్లకు వాగులోకి దిగితే ఒక ఎర్ర కవరు ఎదురుగా తేలుతూ పోయింది. అంతకుముందైతే మెడలోతు నీళ్లలోకైనా దూకి పట్టుకునేదే. ఇప్పుడు మాత్రం "తర్వాత చూద్దాం, ముందు చేతిలో పని కానీ" అనుకుని ఒడ్డెక్కింది. మూడు నీళ్లు కాస్తా ఒక నీరు అయింది. సూది ముల్లు అరిగిపోయింది. ఇంకొకటి రాలేదాకా ఆగే తీరిక లేక తన వీపు మీద ముల్లు ఒకటి పీకింది. ప్రాణం పోయినంత పనయింది. పీకిన ముల్లు పచ్చిది, రెండు కుట్లకే వంగిపోయింది. మళ్లీ ఒకటి పీకింది.

ఆ పక్కనుంచే చుక్కమ్మ పిల్లతో మేతకు పోతూ ఆగింది. బండ మీద కవర్ల గుట్ట చూసి ఆశ్చర్యపోయింది.

"ఇన్ని ఎక్కడివి వదినా? అడవిలో ఒక్కటి కూడా లేదని మొన్ననే అన్నావే?" అని అడిగింది.

"ఏవో పాతవి. బండ సందుల్లో ఉండిపోయినవి" అంది సూదెమ్మ, తల ఎత్తకుండానే.

"నీ చలవ వల్లే ఈసారి పిల్లను ధైర్యంగా వదిలేస్తున్నాను. మొదటిదాన్ని ఒక్క క్షణం వదిలినందుకే పోయింది. ఇప్పుడు నువ్వున్నావన్న నమ్మకం" అంది చుక్కమ్మ. పక్కనే చివురు గంతులేస్తూ సూదెమ్మ ముళ్లను వాసన చూసి, తుమ్మి, తల్లి వెనక దాక్కుంది.

సూదెమ్మ చేతిలో పోగు తెగింది. మళ్లీ ముడేసుకుని అల్లడం మొదలుపెట్టింది.

రెండు రోజులు గడిచాయి. సంచులు డెబ్బై అయ్యాయి. డెబ్బయ్యో సంచిని కొమ్మకు వేలాడదీస్తుండగా వాగు వైపు నుంచి చుక్కమ్మ అరుపు వినబడింది.

"వదినా, పిల్ల! నా పిల్ల!"

సూదెమ్మ చేతిలోది వదిలేసి పరిగెత్తింది. చివురు ఇసుకలో పడి కాళ్లు కొట్టుకుంటోంది. కళ్లు తేలేసింది. నోటి మూల నుంచి ఎర్రటి కవరు చివర ఒకటి, వేలెడంత బయటకు కనబడుతోంది. మిగతాదంతా గొంతులో ఉంది. చుక్కమ్మ పళ్లతో లాగబోయింది.

"లాగొద్దు వదినా. తెగితే లోపల ఉండిపోతుంది. నువ్వు తల పట్టుకో" అంది సూదెమ్మ.

అది ఇసుకలో కూర్చుని కవరు చివరను రెండు చేతులతో పట్టుకుంది. పురి తీసేటప్పుడు చేసినట్టే కాస్త మెలితిప్పింది. ఆగింది. కాస్త లాగింది. మళ్లీ మెలితిప్పింది. వేల పోగులు తీసిన చేతులవి. చివురు ఊపిరి సన్నగా ఈల వేసినట్టు వస్తోంది. చుక్కమ్మ కళ్లు మూసుకుని పిల్ల చెవి నాకుతోంది. సూదెమ్మ ఇంకోసారి మెలితిప్పింది. ఇంకాస్త లాగింది. కవరు ఒక్క ముక్క కూడా లోపల మిగలకుండా జారి బయటకు వచ్చింది.

చివురు పెద్దగా దగ్గింది. ఒకసారి వాంతి చేసుకుంది. తర్వాత మెల్లగా తల ఎత్తి తల్లి పొట్ట కిందికి దూరింది. చుక్కమ్మ అలాగే కూలబడి పిల్లను తల నుంచి తోక దాకా నాకింది. బతికిందన్న సంగతి దానికి నమ్మబుద్ధి కావడానికి చాలాసేపు పట్టింది.

సూదెమ్మ చేతిలోని కవరును నీళ్లలో జాడించింది. విప్పి చూసింది. కొత్త కవరు. ఇంకా ఉప్పు వాసన పోలేదు. ఒక మూల నెలవంకలాంటి గాటు ఉంది.

ఆ గాటు ఎవరిదో అడవి మొత్తం మీద సూదెమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"దేవతలా ఆదుకున్నావు వదినా. ఈ పాడు కవరు ఎక్కడి నుంచి వచ్చిందో" అంది చుక్కమ్మ.

ఇక్కడ సూదెమ్మ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. పైగా పిల్లను బతికించిందని పేరు కూడా వచ్చేది. కానీ తల్లి పొట్ట కింద ఆ పిల్ల ఇంకా దగ్గుతోంది. ఆ దగ్గు వింటూ సూదెమ్మ అబద్ధం చెప్పలేకపోయింది.

"నా దగ్గర నుంచే వచ్చింది వదినా" అంది.

చుక్కమ్మకు అర్థం కాలేదు. సూదెమ్మ అంతా చెప్పింది. నూరు సంచుల మాట, గుహ మాట, కొమ్మన్న గంతుల మాట. వాగులో ఎర్ర కవరు పోతుంటే చూసి కూడా వదిలేసిన మాట. పాత కవర్లని అబద్ధమాడిన మాట.

"ఆశ లావు, పీక సన్నం అంటారు. ఆశ లావైంది నాకు. సన్నటి పీక మాత్రం నీ పిల్లది" అంది చివరికి.

చుక్కమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే సూదెమ్మకు కాస్త తేలికగా ఉండేదేమో. అది తల వంచి, మెడలోని సంచిని మెల్లగా జార్చి, సూదెమ్మ ముందు ఇసుకలో పెట్టింది. ఏడాదిగా ఒక్కరోజు కూడా తీయని సంచి. పిల్లను ముందు నడిపించుకుని వెనక్కి చూడకుండా పోయింది.

సూదెమ్మ ఆ సంచిని దుకాణం బండ మీద పెట్టి దాని పక్కనే కూర్చుంది. అంతలో కొమ్మన్న రెండు చంకల నిండా కవర్లతో దిగాడు.

"అక్కా, ఈ రోజు పంట పండింది పో" అన్నాడు.

సూదెమ్మ ఎర్ర కవరు చూపించి, జరిగింది చెప్పింది. కొమ్మన్న ఆ గాటును వేలితో తడిమి చూసుకున్నాడు. చంకల్లోవి కింద పడిపోయాయి.

"నా వల్లేనా అక్కా?" అన్నాడు.

"గంతులేసింది నువ్వు. వేయమన్నది నేను. నోటితో అనలేదు గానీ, అన్నట్టే. పద, ముందు ఎగిరిపోయినవన్నీ ఏరుదాం."

మర్నాడు సూదెమ్మ దుకాణం ముందు అందర్నీ పిలిచి నిజం చెప్పింది. అడవిపుంజు తల పక్కకు తిప్పుకుంది. ముంగిస పెళ్లాం ఊరుకునే రకమా?

"చెత్త ఏరేవాళ్లే చెత్త వేయిస్తే ఇంకేం చెప్పాలి? కంచే చేను మేసినట్టుంది" అంది.

"నిజమేనమ్మా" అంది సూదెమ్మ.

ముంగిస పెళ్లాం ఇంకో నాలుగు మాటలు అనేసి, మొగుణ్ని వెంటబెట్టుకుని అందరికన్నా ముందు తనే లోయలోకి దిగింది. అయిదు రోజులు అందరూ కలిసి ఏరారు. పొదల్లోవి, రాళ్ల సందుల్లోవి, వాగు అడుగున ఇసుకలో కూరుకున్నవి అన్నీ ఏరారు. బండ మీద పెద్ద గుట్ట అయింది. కొమ్మన్న ఆ గుట్టను చూసి, మెల్లగా గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, వీటితో ఇంకో ముప్పై సంచులు అవుతాయి. నూరు నిండుతుంది. ఇప్పుడైతే తప్పేమీ లేదుగా, ఏరినవే కదా?"

సూదెమ్మ అవతలి కొండ వైపు చూసింది. తూర్పు పక్కన గుహ నోరు నల్లగా, పొడిగా కనబడుతోంది.

"వద్దు తమ్ముడూ. వీటితో ఆ గుహలోకి పోతే, చివురు దగ్గు అక్కడ కూడా వినబడుతుంది నాకు" అంది.

డెబ్బై సంచులు మాత్రమే మోసుకుని బొచ్చయ్య దగ్గరికి పోయారు. బొచ్చయ్య లెక్క చూసి ముఖం చిట్లించాడు.

"నూరన్నావు కదా?"

"డెబ్బై ఉన్నాయి మామా. నలభై సరైనవి. తక్కిన ముప్పై ఒక నీటిలో కడిగినవి, ఇంకో రెండు నీళ్లు పట్టించి వాడుకోండి. ఇక అల్లను" అని సూదెమ్మ కారణం కూడా చెప్పింది.

బొచ్చయ్య గడ్డం గోక్కున్నాడు.

"నువ్వు చేసింది మంచో చెడో నీకే తెలియాలి. నా మాట మాత్రం మాటే. నూరు లేకపోతే గుహ లేదు. ఒక తేనెపట్టు ఇస్తాను, తీసుకుపో" అన్నాడు.

"న్యాయంగానే ఉంది మామా. నలభైకి ఎంత వస్తే అంతే ఇవ్వు" అంది సూదెమ్మ.

బొచ్చయ్య ఒకసారి దానివైపు తేరిపార చూసి, పట్టును విరిచి సగం ఇచ్చాడు.

తిరిగి వచ్చాక ఏరిన గుట్టతో సూదెమ్మ సంచులు అల్లింది. ఈసారి మూడు నీళ్లలోనే కడిగింది. రాలిన ముల్లు దొరికేదాకా ఆగింది. ఒక్కొక్క సంచీ ఒక పగలంతా రాయి మోసింది. వాటిని ఎవరికీ ఇవ్వలేదు. కొమ్మన్న చేత మూడో మలుపు దగ్గర చెట్ల కొమ్మలకు, మనుషుల చేతికి అందే ఎత్తులో కట్టించింది. మొదటి రోజు ఎవరికీ అర్థం కాలేదు. రెండో రోజు ఒక చిన్నపాప తన ఖాళీ ప్యాకెట్టు తెచ్చి సంచిలో వేసింది. అది చూసి వాళ్ల నాన్న సిగ్గుపడి కింద పడేసింది తీసి అందులో వేశాడు.

కొమ్మన్న గంతులు మానేశాడు. ఎవరైనా కవరు కింద పడేస్తే వాళ్లకు వీపు చూపించి కూర్చునేవాడు. కోతి వీపు చూడ్డానికి అంతదూరం ఎవరొస్తారు చెప్పండి? అందరూ మారిపోయారా అంటే, లేదు. సగం మంది మారారు. ఆ సగానికే సూదెమ్మ నడుం నొప్పి సగం తగ్గింది.

వానాకాలం వచ్చింది. ఎప్పటిలాగే వాగు పొంగి బొరియ నిండింది. సూదెమ్మ బండ మీద ముడుచుకుని కూర్చుంది. అవతలి కొండ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. గుహ పొడిగానే ఉంది. సూదెమ్మ ముళ్లు టకటకలాడాయి. పక్కన చుక్కమ్మ వదిలి వెళ్లిన సంచి ఉంది. దాన్ని అది అమ్మలేదు, విప్పలేదు. రోజూ దుమ్ము దులిపి అక్కడే పెట్టేది.

మూడో రోజు వానలో చుక్కమ్మ వచ్చింది. వెనకే చివురు, ఇప్పుడు బాగా ఎదిగింది. చుక్కమ్మ వంగి, బండ మీది సంచిని నోటితో ఎత్తి తన మెడలో వేసుకుంది.

"మా పొద కింద నేల పొడిగా ఉంది వదినా. చివురు పక్కన చోటుంది. లేచి రా" అంది.

సూదెమ్మ లేవలేదు. "నా ముళ్లు పిల్లకు గుచ్చుకుంటాయేమో" అంది చిన్న గొంతుతో.

"నీ ముళ్లు ఎప్పుడూ గుచ్చుకోలేదులే" అంది చుక్కమ్మ. "ఒక్కసారి నీ అబద్ధం గుచ్చుకుంది. నువ్వే నిజం చెప్పి ఆ ముల్లు పీకావు. ఆ గాయం మానడానికే ఇన్నాళ్లు పట్టింది. రా."

పొద కింద నిజంగానే పొడిగా ఉంది. గుహంత గొప్పగా లేదు. ఒక మూల చుక్క కారుతూనే ఉంది. కానీ సూదెమ్మ ముళ్లు మాత్రం టకటకలాడటం మానేశాయి. చివురు దానికి కాస్త ఎడంగా పడుకుని అడిగింది.

"అత్తా, ఎప్పుడైనా కవర్లన్నీ అయిపోతే నీ దుకాణం ఏమవుతుంది?"

"మూతపడుతుందే" అంది సూదెమ్మ.

"అప్పుడెలా మరి?"

"ఈతాకు చాపలు అల్లుకుంటాను. ఆ దుకాణం తెరిచిందే ఒకరోజు మూసేయడానికి. మధ్యలో ఆ సంగతి మరిచిపోయాను" అంది సూదెమ్మ.

చివురు నిద్రపోయింది. గొంతులో ఏ అడ్డూ లేకుండా దాని ఊపిరి మెత్తగా, తేలిగ్గా వస్తోంది. వాన చప్పుడులో కూడా సూదెమ్మ ఆ ఊపిరినే వింటూ పడుకుంది.

నీతి: ఏ కష్టాన్ని తీర్చడానికి పని మొదలుపెట్టామో, ఆ కష్టమే ఇంకా పెరగాలని మనం కోరుకునే రోజు రానివ్వకూడదు. దారి తప్పామని తెలిసినప్పుడు, నష్టమైనా సరే నిజం చెప్పి వెనక్కి రావాలి.